గడ్డ చుట్టూ

ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో మనిషి ముఖం వాడిపోతే ఏం జబ్బని ఎవరూ అడగరు. కిడ్నీ అనేసుకుంటారు. నేను మాటిమాటికీ విశాఖ ఆసుపత్రికి వెళ్తుంటే మా ఊళ్ళోనూ అలాగే అనుకున్నారు. నేను కాదనలేదు.

నాది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ. మెదడు కింద, ముక్కు వెనక ఉండే గ్రంథి అది. గడ్డ వల్ల పాలిచ్చే తల్లుల్లో పెరిగే హార్మోను నాలో పెరిగిపోయి, మగవాణ్ణైన నా రొమ్ముల్లో పాలు చెమర్చాయి. శరీరంలో సిగ్గుపడాల్సిందేదీ లేదని చెబుతూ, బహిష్టును మైల అనేవాళ్ళను వేదికలెక్కి నిలదీసినవాణ్ణి. అలాంటి నేనే పాల మరకల బనియన్లను తలుపేసుకుని గదిలో ఆరేసుకున్నాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాత్రలకు గడ్డ లొంగలేదు. గడ్డంటే దాని కణాలు మాత్రమే కాదన్నారు డాక్టరమ్మ. చుట్టూ నారలా పేరుకున్న కణజాలం, దానికి రక్తం అందించే నాళాలు, దాన్ని చంపడానికి వచ్చి దానికే కాపలా కాసే రక్షణ కణాలు కూడానట. ఇవన్నీ కలిసి మందును అడ్డుకుంటూ ఉండవచ్చని, అది ఇంకా పరిశోధనలోనే ఉందని చెప్పారు. ముక్కులోంచి ఆపరేషన్ చేయాలన్నారు.

ఆపరేషన్‌కు విశాఖ బయల్దేరిన రోజు పలాస స్టేషన్‌కు మా బావ వచ్చాడు, అక్క భర్త. జీడితోట ఉన్న మనిషి, కొన్నాళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నాడు. నాకూ అదే జబ్బనుకున్నప్పటి నుంచి నా దగ్గర ఏదీ దాచడం లేదు. బెంచీ మీద కూర్చుని నా భుజం మీద చెయ్యేశాడు.

"నీకు కాబట్టి సెప్తన్నాను బావా. ఇంక నావల్ల కాదు, డయాలసిస్ మానేద్దామనుకుంటన్నాను. మీ అక్కకి తెలీదు. ఈ సూదుల బాధ నీకైతే తెలుస్తది."

ఆ చెయ్యి భుజం మీద ఉండగా ఇక దాచలేకపోయాను.

"నాది కిడ్నీ కాదు బావా," అన్నాను. పాల సంగతితో సహా అంతా చెప్పాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, చెయ్యి తీసేశాడు.

"మైకట్టుకుని ఊరందరికీ సిగ్గేటని సెప్పీవోడివి. నాకొక్కడికి సెప్పలేకపోనావు."

రైలు వచ్చి ఆగింది. నేను తిరిగొచ్చేదాకా డయాలసిస్ మానొద్దని, వచ్చాక తనతో నేనూ ఆసుపత్రికి వస్తానని బతిమాలాను.

"ఈ జబ్బు లేనోడివి, అక్కడ నువ్వేటి సేత్తావు?"

"పక్కన కూకుంటాను."

బావ నా సంచీ అందుకుని, రైలెక్కి సీటు కింద పెట్టి, దిగిపోయాడు.