కట్టాయన మడమ

కట్టకు గండి కొట్టి రెండేళ్లయినా అందరూ ఆయన్ని కట్టాయన అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు సముద్రపు కట్టకు కాపలా కాశాడు. పీత కన్నం కనిపిస్తే చాలు, అందులోంచి నీరు ఊరకుండా గుప్పెడు బురద వేసి కుడి మడమతో అదిమేవాడు. ఆ మడమ రాయిలా గట్టిపడిపోయింది. పెరిగే సముద్రానికి కట్ట ఆగదని చివరికి అధికారులే గండి కొట్టి, పోటు నీటిని లోపలికి వదిలారు. నీళ్లు తెచ్చే ఒండ్రును ఉప్పుగడ్డి పట్టి ఉంచితే, సముద్రంతో పాటు నేల కూడా పెరుగుతుందట. ఆ గడ్డి నాటేది కట్టాయనే. ఒకపక్క నాటుతూనే, ఇంకోపక్క కన్నాలు పూడ్చేస్తుంటాడు.

“మళ్లీనా పెద్దాయనా! అవి ఉంటేనే కదా గడ్డి వేళ్లకు గాలాడేది,” అంటుంది ఆ పని చూసే ఇంజనీరమ్మ.

“చేతులు నా మాట వింటాయమ్మా. ఈ కాలే వినదు.”

భార్య పోయాక కట్ట పక్కనున్న గదిలో ఒక్కడే ఉంటున్నాడు. మొన్న పొద్దున లేచేసరికి మట్టినేల మీద, ఆవిడ మంచం ఉండే చోట, పీత కన్నం. అంచున ఇంకా తడి ఆరలేదు. అలవాటుగా మడమ లేచింది. లోపల ఏదో కదిలింది. లేచిన కాలు కాసేపు గాలిలోనే ఉండిపోయింది.

“ఉండులే,” అన్నాడు కాలు పక్కకు పెట్టి. “ఇది ఇద్దరుండే గదే.”