సునాముఖిలో తంగేడు

మా మేబెల్ పిన్నిది పుట్టు అనుమానం. మెట్టుగూడలో పాలవాడు వస్తే ముందు ఒక చుక్క గోటిమీద వేసుకుని జారుడు చూసేది. చర్చిలో పాస్టరు గారు వాక్యం చదివితే, తన బైబిలులో సరిచూసుకునేదాకా ఆమెన్ అనేది కాదు. అలాంటి మనిషికి కార్ఖానా బస్తీలోని మూలికల కంపెనీవాళ్లు ఆకులు పరీక్షించే ఉద్యోగం ఇచ్చారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆమె చేరిన ఇరవయ్యేళ్లకు, 1988లో, కంపెనీ కొత్తగా విరేచనానికి వాడే సునాముఖి ఆకు పొడి మొదలుపెట్టింది. ఎండి నలిగిన సునాముఖికీ దాని చుట్టమైన తంగేడుకూ కంటికి తేడా చిక్కదు. పిన్ని ఆకును నానబెట్టి, తుడిచి, గోళ్ల రంగు పూసి, ఆరాక పొర ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టేది. ఆకుమీది నూగంతా ఆ పొరలో అచ్చుపడేది. ఒక బాటనీ మాస్టారు ఇచ్చిన రెండు నమూనా స్లైడులతో దాన్ని పోల్చేది. తేడా తేల్చడానికి ఆమెకు వేరే ఆధారం లేదు.

మౌలాలిలో ఉండే నన్నే సాహెబ్ మొదటినుంచీ కంపెనీకి ఆకులు తెచ్చేవాడు. ఆయన ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బస్తాలతోనే. ఈసారి సునాముఖి అని తెచ్చిన ఆకు, తంగేడు అని రాసి ఉన్న స్లైడుతో సరిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి సాహెబ్ గారూ ఈ కల్తీ?"

"ఏందమ్మా గిట్లంటవ్? అల్లా కసమ్, కల్తీ నాకు తెల్వది."

ఒట్టు వేశాడంటే దొంగేనని పిన్ని లెక్క. బస్తా వాపసు పంపింది. కంపెనీ ఓనరు ఆ సంగతి నలుగురికీ ఫోను చేసి చెప్పాడు. వారంలో ఊళ్లోని మూలికల దుకాణాలు కూడా ముసలాయన్ని గడప తొక్కనివ్వలేదు.

ఎనిమిదో రోజు ఆయన పూలతో సహా తంగేడు కొమ్మ తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇది తంగేడేనని నమ్ముతవు గదా? జెర చూడు."

పిన్ని పువ్వును కూడా తిప్పి తిప్పి చూసి, ఆకుకు రంగు పూసి పొర ఒలిచింది. నూగు పొడుగ్గా, ఒత్తుగా ఉంది. సునాముఖి అని రాసి ఉన్న స్లైడులోనూ అచ్చం అదే. మొన్నటి వానలకు బీరువాలో నీళ్లు చేరి స్లైడుల మీది పాత చీటీలు ఊడిపోతే, కొత్తవి రాసి అంటించింది తనే. తారుమారు చేసిందీ తనే.

"చీటీలు మార్చేయండి, చాలు. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు ఓనరు.

పిన్నికి ఒళ్లు మండింది. తప్పు తనదేనని కాగితంమీద రాసి సంతకం చేసి, సాహెబ్‌ను వెంటబెట్టుకుని దుకాణం దుకాణానికీ తిరిగి చూపించింది. సిగ్గుతో ఎక్కడా తలెత్తలేదు.

చివరి దుకాణం మెట్లు దిగుతూ నన్నే సాహెబ్ ఆగాడు.

"ఇరవై ఏండ్లల్ల నా ఆకును ఒక్కరోజు సుత నమ్మలే నువ్వు. మంచిదే. నీ చేతిరాతను మాత్రం గంత గుడ్డిగ ఎట్ల నమ్మినవమ్మా?"