మా మామ ఇచ్చిన ఒక్క ఫోటో

మా మేనమామకు నాచారంలో ఫోటో స్టూడియో ఉంది. ఇప్పుడక్కడ ఎక్కువగా పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులే. ఒకప్పుడు పెళ్లిళ్లకు, చర్చి పండుగలకు, ఫ్యాక్టరీల్లో ఫంక్షన్లకు ఆయన్నే పిలిచేవారు. నేను ఉప్పల్‌లో ఉంటాను. నాచారంలోనే ఒక మందుల కంపెనీ ల్యాబులో పని. సెలవు దొరికినప్పుడు, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో మా చుట్టుపక్కల జాగాల గురించి రాస్తుంటాను. అడిగేవాళ్లు లేరు, ఇచ్చేవాళ్లు లేరు. అలవాటైంది, అంతే.

నాచారం పేజీలో ఒక్క ఫోటో కూడా ఉండేది కాదు. మామను అడిగితే పాత నెగెటివ్‌ల నుంచి రెండు స్కాన్ చేసి ఇచ్చాడు.

"పెట్టుకో బిడ్డా. డబ్బాల ఉండి ఏం జేస్తయి" అన్నాడు.

ఒకటి వానలో ఫ్యాక్టరీ గేటు. షిఫ్టు దిగినవాళ్లు తలల మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని సైకిళ్లు నడిపించుకుంటూ బయటికొస్తున్నారు. రెండోది మామ వాళ్లు కిరాయికున్న ఇంటి డాబా మీద నుంచి తీసింది. దూరంగా మౌలాలి గుట్ట, అక్కడి దాకా అంతా ఖాళీ జాగా. డాబా అంచున మా అత్త బట్టలు ఆరేస్తోంది. అత్త చనిపోయి చాలా ఏళ్లయింది.

తీసింది మామ అని రాసి, రెండూ ఆ పేజీలో ఎక్కించాను. కొన్నాళ్లకు అక్కడ పనిచేసే ఒక వాలంటీరు నుంచి సందేశం వచ్చింది. ఆయనెవరో నాకు తెలియదు. ఫోటోలు మీరు తీసినవి కావు కాబట్టి వాటి మీద హక్కు మీది కాదు, తీసినవారు స్వయంగా మెయిల్ రాసి అనుమతి ఇవ్వాలి, లేకుంటే తీసేయాల్సి వస్తుంది అని మర్యాదగానే రాశాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక స్టూడియోకు పోయాను.

"నేను సరే అన్న గదా?" అన్నాడు మామ.

"నాతో అన్నవు మామా. వాళ్లకు నువ్వు రాసియ్యాలె."

అనుమతి కోసం వాళ్లిచ్చిన నమూనాను ఫోన్‌లో చదివి వినిపించాను. ఎవరైనా ఆ ఫోటోను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. తీసినవారి పేరు మాత్రం వేయాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. మామ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"మార్చుకోవచ్చంటే? కట్ జేస్కోవచ్చా?"

"చేస్కోవచ్చు."

"అంటే మీ అత్తనొక్కదాన్ని కట్ జేసి, ఏ సబ్బు ప్యాకెట్ మీదనో ఏస్కుంటే?"

మనుషుల బొమ్మలకు వేరే చట్టాలున్నాయని, గట్ల ఎవరూ చేయరని చెప్పబోయాను. కానీ చేయరని నేనెట్లా చెప్పగలను?

"ఫోటో తీసినోడిగ నువ్వయితే అడ్డు చెప్పలేవు" అన్నాను.

ఆలోపు గిరాకీ వచ్చింది. ఒక అమ్మాయికి ఉద్యోగం దరఖాస్తుకు ఫోటో కావాలట. మామ ఆమెను తెల్లటి తెర ముందు కూర్చోబెట్టి, గదవ జర పైకి ఎత్తమని చెప్పి, ఫోటో తీసి, ప్రింటు కత్తిరించి ఇచ్చి పంపాడు. మళ్లీ నా దగ్గరికొచ్చి, "గేటుది ఇస్త. డాబాది తీసేయమను" అన్నాడు.

"అత్త మొఖం సక్కగ కనవడనే కనవడదు మామా. ఖాళీ జాగా కోసమే అది పనికొస్తది. ఇప్పుడట్ల ఎక్కడుంది?"

"లేదు. అయినా వద్దు."

మామ ఫోన్‌లో మెయిల్ తెరిచి, గేటు ఫోటోకు మాత్రం ఆయన చేతే అనుమతి పంపించాను. జవాబులో ఒక ప్రశ్న వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు పిలిపించి తీయించుకున్న ఫోటోనా, అయితే హక్కు వాళ్లది కావచ్చు గదా అని.

"పిలిచింది ఆయుధపూజకు" అన్నాడు మామ. "ఆ రీలు ఆళ్లకే ఇచ్చిన. బయటికొస్తే వాన. చాయ్ దుకాణం రేకు కింద నిలవడి నా సొంత రీలుతోని తీసిన, ఎవ్వరు అడగలే."

అదే రాయించాను. ఫోటో నిలిచింది. రెండోదాన్ని తీసేశారు.

పేజీలో గేటు ఫోటో, దానితో పాటు తన పేరు చూసుకుని మామ సంతోషపడ్డాడు. వచ్చిన గిరాకీలకు ఫోన్‌లో చూపించేవాడు. ఒకరోజు నేను డ్యూటీ దిగి అటు పోతే, "నా మీద గూడ ఒక పేజీ రాయరాదు. నాలుగు లైన్లు సాలు" అన్నాడు.

"నేను రాయొద్దు మామా. నీ మేనకోడల్ని."

"అయితే ఏంది? అబద్ధం రాస్తవా?"

"అబద్ధం కాదు. మనోళ్ల గురించి మనమే రాస్తే ఒకవైపే రాస్తం అంటరు. బయటోళ్లు రాయాలె. అది గూడ పేపర్లనో పుస్తకాలల్లనో వచ్చినదాన్ని పట్టుకొని రాయాలె. నీ గురించి ఎక్కడన్న పడ్డదా?"

ఆయన తీసిన ఫోటోలు పేపర్లలో పడ్డాయి గానీ, ఆయన గురించి ఎక్కడా రాలేదు.

ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేక నాకు చేతనైన పని ఒకటి చేశాను. నాచారం పేజీకి జతగా, రాసేవాళ్లు మాట్లాడుకునే చర్చ పేజీలో, గేటు ఫోటో తీసినాయన మా మేనమామ అని ముందే చెప్పి, మెయిన్ రోడ్డు మీద ఆయన పెట్టిన స్టూడియో గురించి రాయదగ్గ ఆధారాలు ఎవరికైనా తెలిస్తే చూడమని రాశాను. ఆ వాలంటీరే జవాబిచ్చాడు. బంధుత్వం చెప్పినందుకు థ్యాంక్స్ అన్నాడు, వెతికితే ఏమీ దొరకలేదన్నాడు.

చూపిస్తే మామ చదివి ఫోన్ తిరిగిచ్చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నేను పోతే "కూసో" అనడమే తప్ప పెద్దగా మాట్లాడలేదు. నేను మాత్రం పోవడం తగ్గించలేదు. తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి తిననీకి వచ్చినప్పుడు, తనే ఆ చర్చ పేజీ మళ్లీ చూపమన్నాడు. నేను రాసిన రెండు ముక్కలూ నిదానంగా చదివాడు.

"స్టూడియో మెయిన్ రోడ్డు మీద పెట్టిన అని రాసినవు. మొదలు పెట్టింది లోపట గల్లీల. ఆడికెల్లి ఈడికి వచ్చిన" అన్నాడు.

"నువ్వే రాయి మామా. చర్చల ఎవరైన రాయొచ్చు."

ఆయనకు ఖాతా తెరిచి ఇచ్చాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ ఒక్క వాక్యం రాసి, కింద తన పేరు పెట్టాడు. దానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. ఆ రోజైతే, అన్నం చల్లారిపోతోందని అమ్మ పిలిస్తే లేచాం.