శనివారం వచ్చిన క్రిస్మస్

మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో, నా పక్కన కూర్చున్న సుగుణమ్మ ఒళ్లో పెద్ద గుమ్మడికాయ ఉంది. క్రిస్మస్ విందులో సాంబారుకట.

"బిర్యానీ లేని క్రిస్మసా?" అన్నాను. నేనూ క్రైస్తవురాలినే.

"ఈ తూరి పండగ శనివారం వచ్చిండాది గదమ్మా. పక్కింటి రెడ్డెప్ప వాళ్లు శనివారం నీసు ముట్టరు. నేను కాపురానికొచ్చిన ఏడూ ఇట్లే శనివారం వచ్చె, తెలీక మటన్ వండితే, మంచినీళ్లు తాగి పోయిరి."

"పండగ మీది. వాళ్ల వారాలతో మీకేం పని?"

"ఆకలితో పంపేదానికి పిలుస్తామా? మటన్ యాడికి పోతాది, ఆదివారం తింటాం."

గుంటూరులో మేం ఏటా ఇరుగుపొరుగుకు కేకు ముక్క పంపి, తలుపేసుకుని బిర్యానీ తింటాం.

గుంటూరు చేరగానే ఎదురింటావిడను పండగ భోజనానికి పిలిచి, ఏ వారం మాంసం తినరని అడిగాను.

"అన్ని వారాలూ తింటామండీ. మీరే ఏనాడూ పిలవలేదు" అంది.