పక్కింటి పి.పి. నంబరు

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రపంచంలోని దేశాలు రెండే రకాలు: మావి, వాళ్లవి. రాజనీతిశాస్త్రంలో ఎమ్మే పాసై రెండేళ్లుగా నిడదవోలులో ఇంటిపట్టునే ఉన్నాను కనక, దేశాల స్నేహాలూ వైరాలూ తేల్చడానికి బోలెడు తీరిక ఉండేది. పటంలో ఎవరి పక్కన ఎవరున్నారన్నది అనవసరం, ఎవరి సిద్ధాంతం ఏమిటన్నదే ముఖ్యమని నా వాదన. (అమ్మ మాత్రం "ముందు ఉద్యోగం సంగతి తేల్చరా" అనేది.)

పక్కింట్లో గూడ్సు గార్డుగా రిటైరైన పెద్దాయన ఉండేవారు. చుట్టం కాదు, అయినా బాబాయిగారే. ఆయనది పూర్తిగా అవతలి శిబిరం. సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు వీధంతా లడ్డూలు పంచారు. మా వాటా పళ్లెంతో సహా తిప్పికొట్టి, "మీ గడప ఇంక తొక్కనండి" అని ప్రకటించి వచ్చేశాను. (రెండింటిలో ఒకటి అప్పటికే తినేశాననుకోండి.) చిక్కేమిటంటే, వీధి మొత్తానికి ఫోను వాళ్లింట్లోనే ఉంది. సామర్లకోటలో ఓ కాలేజీకి అంతకుముందే పంపిన దరఖాస్తులో, ఫోను లేని అందరిలాగే నేనూ ఆ నంబరే రాసి పక్కన పి.పి. అని, అంటే పొరుగువాళ్లు పిలిచిపెట్టే ఫోనని, పెట్టాను.

మూడు వారాల తర్వాత ఓ పొద్దున్న గోడ మీదుగా కేక. "ఒరేయ్ అబ్బాయ్! నీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు లైన్లో ఉన్నారు. లెక్చరరు మధ్యలో మానేశాడంట, ఇప్పుడే నాలుగు ప్రశ్నలడిగి తేల్చేస్తారంట. రా!" ఆ ఉద్యోగం పోతే ఇంట్లో తలెత్తుకోలేను. అయినా పౌరుషం. "నేను రానండి" అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి లోపలికెళ్లి, వైరు లాగి ఫోను కిటికీలో పెట్టుకున్నారు. రిసీవర్లో ఏదో గొణిగి, నా వైపు తిరిగి అరిచారు.

"దేశాల సంబంధాల్ని నడిపేది సిద్ధాంతమా, భూగోళమా అంటున్నారు. ఏం చెప్పమంటావ్?"

"సిద్ధాంతమేనని చెప్పండి!"

కషాయం తాగినట్టు మొహం పెట్టారు. అయినా "సిద్ధాంతమేనండి" అన్నారు. గోడకివతల నుంచి నేను పది నిమిషాలు ఉపన్యసించాను. ఆయన ఒక్క ముక్క పొల్లుపోకుండా, నాకంటే ఆవేశంగా, అప్పజెప్పారు. మధ్యలో మాత్రం రిసీవరు అరచేత్తో మూసి, "ఇది శుద్ధ తప్పురా. చెబుతున్నాన్లే" అన్నారు.

ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి లేచి మరీ అడిగారు. "కాలు ఎలా ఉందండి? విరిగి మంచంలో ఉన్నారనీ, ఫోను దాకా రాలేరనీ మీ బాబాయిగారు చాలా బాధపడ్డారు. సిద్ధాంతాన్ని ఆయనంతలా నమ్మిన మనిషిని నేను చూళ్లేదండి!"

ఆ పూటంతా కాలేజీలో కుంటుతూనే తిరిగాను. సాయంత్రం రైలు దిగి తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లాను. కృతజ్ఞతలు చెప్పడానికి సిగ్గేసి, అరుగు మీది పేపరు అందుకుని వాదన మొదలెట్టాను. ఆయన హాయిగా నవ్వి కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. రెండు కాళ్లూ బాగుండి కూడా పక్కింటికి నడవలేకపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.