గోడను ప్రశ్నలడిగిన మాస్టారు

మొన్న మంగళవారం పొద్దున పాలకొల్లులో బస్సు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ సోషల్ మాస్టారు పోయారే. నిద్రలోనే అంట," అంది. "నీకెవరు చెప్పారు?" అన్నాను. అనేశాక తెలిసింది, అలా అడగడం ఆయన దగ్గర నేర్చుకున్నదేనని.

వశిష్ఠ గోదావరి ఒడ్డున మా ఊరి హైస్కూల్లో రిటైరయ్యేదాకా ఆయన సోషల్ చెప్పారు. చర్చి వీధిలో ఇల్లు. చొక్కా జేబులో ఎప్పుడూ కొలత టేపు. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే తల పక్కకి వంచి, "మీరు చూశారాండి?" అనేవారు. పెరుగు ఇవాళ్టిదే అని చెప్పిన కొట్టావిడకీ అదే ప్రశ్న.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠం ఆయన మాకు క్లాసులో చెప్పలేదు, రేవులో చెప్పారు. ఇంగ్లీషువాళ్ల ఓడలు పైకి రాకుండా హడ్సన్ నదికి అడ్డంగా లావుపాటి ఇనుప గొలుసు కట్టి, దుంగల మీద తేల్చారట. గట్టు మీద కోట కట్టి ఫిరంగులు పెట్టారట.

"మన గోదారికైతే ఎక్కడ కడతారు?" అన్నారు. మేం నిలబడ్డ చోటే చూపించాం.

"ఇక్కడ తిన్నగా ఉంది కదా, ఓడ జోరుగా వచ్చేస్తుంది. మలుపులో అయితే నెమ్మదించాలి. పట్టుకోవాల్సింది అక్కడ." తర్వాత, "అంత కోటనీ దాన్ని చూసుకునే సేనాధిపతే శత్రువుకి అప్పగించబోయాడు. గోడ గట్టిదేనా అని అడిగి ఊరుకోకండి. కాపలా ఎవరో కూడా అడగండి," అన్నారు.

ఆ మాటే చాలా ఏళ్ల తర్వాత ఆయన మీదికి తిరిగింది. రేవు దిగువన పాత ఇటుక గోడ ఒకటుంది. తెల్లవాళ్ల పడవల్ని ఆపడానికి మన పెద్దలు కట్టిన కోట అదేనని ఊళ్లో ఒక కమిటీ వెలిసింది. బోర్డు పెట్టాలి, గోడ మధ్యలో కొట్టి నీళ్లదాకా మెట్లు కట్టాలి అన్నారు. మాస్టారు వారం రోజులు గోడ కొలిచి మీటింగుకి వచ్చారు.

"ఇది కోట కాదండి. ఇక్కడ మలుపు లేదు, ఫిరంగి పెట్టే చోటు లేదు. నీటివైపు ఏటవాలుగా ఉంది. వరద ఆపడానికి కట్టుకున్నారు. దీన్ని కొట్టకండి."

కమిటీ ప్రెసిడెంటు మోటార్లు బాగుచేసే షాపాయన, మాస్టారి పాత స్టూడెంటే. "కోట చూసుకునేవాడే అప్పగించబోయాడని మాకు చెప్పింది మీరే కదండీ," అన్నాడు. కొందరు నవ్వారు.

అక్కణ్ణించి గుసగుసలు. చర్చికెళ్లే మనిషి తెల్లవాళ్ల మీద పోరాటం జరిగిందంటే ఒప్పుకుంటాడా అన్నారు. ఇసుక తవ్వి అమ్ముకునేవాళ్లతో కలిశాడు, లేకపోతే గట్టు కొలవడం దేనికి అన్నారు. ఓ సాయంత్రం గోడ దగ్గర ఆయన ఎవరో కొత్త మనిషితో కాగితాలు పరిచి మాట్లాడటం నేనే చూశాను. నాకూ అనుమానం పట్టుకుంది. రిటైరయ్యాక ఊరి లైబ్రరీ చూసుకునేది ఆయనే. తాళంచెవి ఆయన దగ్గర్నించి తీసేసుకోవాలని అర్జీ వస్తే సంతకం పెట్టాను.

ఆయన తాళంచెవి ఇచ్చేశారు. కమిటీవాళ్లు గోడ మధ్యలో కొట్టారు. మెట్లు పూర్తికాకుండానే వానలొచ్చాయి.

గోదారి పెరుగుతుందని విని గట్టు మీదికి పరిగెత్తేసరికి, ఆ గండి దగ్గర మాస్టారు, ఆ కొత్త మనిషి ఇసుక బస్తాలు పేరుస్తున్నారు. ఆ కొత్తాయన కాలవల డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యారట. తన లెక్క తప్పేమో చూసి చెప్పమని మాస్టారే పిలిపించుకున్నారట. చర్చి ఆడవాళ్లొచ్చారు, తర్వాత మేం, మధ్యాహ్నానికి ప్రెసిడెంటూ వచ్చాడు. నీళ్లు గోడ సగం దాకా ఎక్కాయి. బస్తాల్లోంచి ఊట కారింది గాని వీధులు మునగలేదు.

వరద తీశాక ఆయన ఇంటికెళ్లాను. "అర్జీ మీద నేనూ సంతకం పెట్టానండి. తప్పు చేశాను, క్షమించండి."

"తెలుసమ్మా. ఎందుకు పెట్టావు?"

"అందరూ పెడుతుంటే పెట్టానండి."

"నన్ను అనుమానించినందుకు బాధ లేదు. అనుమానించమని నేర్పిందే నేను. కానీ వచ్చి నన్ను అడగాలి కదమ్మా. అడగని అనుమానం నీది కాదు, ఎవరో నీకు అంటగట్టింది." అని, కాఫీ తెమ్మని లోపలికి కేకేశారు.

తాళంచెవి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

మొన్న ఆయన అంత్యక్రియలకి సమాధుల దొడ్డిలో జనం బాగానే ఉన్నారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం మట్టి వేసి వచ్చేశాం. గేటు దగ్గర ప్రెసిడెంటు నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"నువ్వెప్పుడైనా చెప్పావా ఆయనతో, తప్పయిందని?"

"చెప్పానండి."

"నేను చెప్పలేదు," అని మళ్లీ లోపలికి నడిచాడు. నేను రోడ్డెక్కి వెనక్కి చూసేసరికి అందరూ వెళ్లిపోయారు. ప్రెసిడెంటొక్కడే గుంట అంచున, గుప్పెట్లో మట్టి పట్టుకుని, వేయకుండా నిలబడి ఉన్నాడు.