అంగీల గదిలో నిద్ర

లవెర్న్ ప్రూయిట్ తీరిగ్గా కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా చర్చిలో చాలా తక్కువ. ఆదివారం పూట తెల్లని చేతి తొడుగులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకు చోటు చూపించేది ఆమే. ఎవరైనా పోతే, సమాధుల దగ్గర్నుంచి తిరిగొచ్చినవాళ్ళకు కోడి వేపుడూ ఆకుకూరా వడ్డించేదీ ఆమే. వారమంతా బడి వంటశాలలో పని. ఇంట్లో, పక్షవాతం వచ్చి ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచే తల్లి మిస్ ఓసీ. లవెర్న్ కూతురు రాత్రి డ్యూటీలకు పోతూ వదిలి వెళ్ళే ఇద్దరు మనవరాళ్ళు. చెల్లెలు గ్లెండా నాష్‌విల్‌లో ఉంటుంది, ఆదివారం ఫోన్ చేసి "అమ్మ జాగ్రత్త" అని చెప్పి పెట్టేస్తుంది. మా మెంఫిస్‌లో, ఆ పేటలో, ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు వినిపించే మాట ఒకటే: "లవెర్న్ ఉందిగా!"

రక్తపోటు చూసిన డాక్టరు ఒకసారి, "మీ మీద భారం కాస్త తగ్గించుకోండి" అన్నాడట. "ఎవరి నెత్తిన పెట్టమంటారో ఆ పేరూ మీరే రాసివ్వండి" అని నవ్వి వచ్చేసింది.

శనివారం పొద్దున చర్చి శుభ్రం చేసేది మేము నలుగురం. లవెర్న్, వెల్డా, మోకాళ్ళ నొప్పుల సిస్టర్ మోజెల్, నేను. ఒక వానరోజు హఠాత్తుగా కరెంటు పోయింది. వెల్డా పియానో వెనక నక్కి, చీపురుతో మోజెల్ కాలు గీకింది. మోజెల్ నోట చర్చిలో రాకూడని మాట ఒకటి గట్టిగా వచ్చింది. మేము బల్లల మీద పడి పడి నవ్వాం. లవెర్న్ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "మళ్ళీ దాక్కోవే వెల్డా" అంది.

అలా మొదలైంది. పని ముగిశాక దాగుడుమూతలు. మాలో యాభై దాటనిది ఒక్కతీ లేదు.

"దేవుడి ఇంట్లో ఇదేం పనే, ఎవరైనా చూస్తే?" అని తర్వాత జంకింది కూడా లవెర్నే.

"దేవుడికి పిల్లలంటే ఇష్టమని నువ్వే కదా పిల్లలకు పాఠం చెబుతావు" అంది వెల్డా. "మరి మనం ఎవరి పిల్లలమమ్మా? పాస్టరు గారి పిల్లలమా?"

అంత భారీ మనిషి, దాక్కోవడంలో మాత్రం లవెర్న్‌ను మించినవాళ్ళు లేరు. బాప్తిస్మపు తొట్టిలో వెల్లకిలా పడుకునేది. వంటగదిలో పెద్ద కుండల వెనక ముడుచుకునేది. ఒకసారి నేను పట్టుకున్నప్పుడు మెల్లగా అంది: "నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు కదా, ఆ కాసేపు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. ఎవరూ ఏమీ అడగరు."

పని పదకొండుకల్లా అయిపోయేది. తల్లికి మాత్రం ఒంటిగంట అవుతుందని చెప్పింది. "ఈ మధ్య దుమ్ము మరీ ఎక్కువైందమ్మా" అందట. ఆ మాట మాకు చెప్పి నవ్వింది, కానీ ఇంటికి బయల్దేరేటప్పుడు ఆమె ముఖంలో ఆ నవ్వు ఉండేది కాదు. ఇంటి తలుపు తీసే ముందు కావాలని చేతులకు కాస్త దుమ్ము రాసుకునేదట.

జూన్‌లో ఒక శనివారం. ముందు రాత్రంతా చిన్న మనవరాలికి ఆయాసం, లవెర్న్‌కు కంటిమీద కునుకు లేదు. తెల్లారగానే వాళ్ళమ్మ వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళింది. ఆ రోజు వెతికే వంతు వెల్డాది. మోజెల్ పాస్టరు గారి కుర్చీ వెనక దొరికింది, నేను మెట్ల కింద దొరికాను. లవెర్న్ దొరకలేదు. పిలిచాం, పలకలేదు. చివరికి మోజెల్ క్వయరులో పాడేవాళ్ళ అంగీలు వేలాడదీసే చిన్న గది తలుపు తీసింది. వరుసగా వేలాడుతున్న ఊదారంగు అంగీల వెనక, గోడకు చేరబడి, నోరు కొద్దిగా తెరుచుకుని లవెర్న్ గాఢంగా నిద్రపోతోంది.

"లేపకండే. ఎన్నేళ్ళ నిద్రో పాపం" అంది మోజెల్. తలుపు దగ్గరగా వేసి, మేం కాఫీ కాచుకున్నాం.

ఆమె సంచి వంటగదిలో ఉంది. అందులో ఫోను శబ్దం లేకుండా మిణుక్కుమంటున్న సంగతి మాకు తెలియదు.

లవెర్న్ లేచి, నవ్వుతూ, సిగ్గుపడుతూ వచ్చి ఫోను తీసింది. ముఖం పాలిపోయింది. వరుసగా తల్లి నుంచే ఫోన్లు. ఆ తర్వాత పక్కింటి మిస్టర్ టాలివర్ నుంచి. మిస్ ఓసీ మొక్కజొన్న రొట్టె చేద్దామని పై అర మీది మూకుడు అందుకోబోయి పడిపోయింది. కూతురికి ఫోన్ చేసి చేసి, ఇక లాభం లేక, పట్టుకుని నడిచే వాకరుతో గోడ మీద కొడితే, ఆ చప్పుడు విని టాలివర్ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

నేనూ వెంట వెళ్ళాను. మణికట్టుకు పిండికట్టు వేసి పడుకోబెట్టారు. తిట్టినా బాగుండేది. మిస్ ఓసీ కూతురి చెయ్యి నిమిరి, "చాలా పనైందా బేబీ? అలసిపోయినట్టున్నావు" అంది.

"ఔనమ్మా. ఇవాళ చాలా దుమ్ము" అంది లవెర్న్.

ఆ ఒక్క మాటే ఆమెను తినేసింది. అటుపైన శుభ్రం చేయడానికి వచ్చేది, చేసేది, ఎవరితో మాట్లాడకుండా వెళ్ళిపోయేది. "ఒక్క ఆట" అని వెల్డా బతిమాలితే, "మా అమ్మ నేల మీద పడి నన్ను పిలుస్తోంది. నేనేమో బుజ్జి పాపలా దాక్కుని నిద్రపోతున్నాను. నాకింకా ఆటా?" అంది. ఇంట్లో పని రెట్టింపు చేసింది. తల్లి అడగకముందే మంచినీళ్ళు, తల్లి కదలకముందే దిండు.

మిస్ ఓసీయే పట్టుకుంది. ఒక సాయంత్రం లవెర్న్ ఆమె తలకు నూనె రాసి జడలల్లుతుంటే, "నా ప్రాణం తీస్తున్నావే నీ సేవలతో. ఏం చేశావో చెప్పు" అంది.

లవెర్న్ చెప్పేసింది. దుమ్ము సంగతి, అంగీల గది, అంతా. అల్లిక ఆపకుండానే చెప్పింది, తల్లి ముఖం కనబడదని.

మిస్ ఓసీ తల తిప్పకుండానే, "చెయ్యి విరిగినందుకు కాదు నా కోపం. నాకు చెప్పకుండా నవ్వుకున్నావు చూడు, అందుకు. ఈ ఇంట్లో నీ నవ్వు విని ఎన్నాళ్ళయిందో తెలుసా?" అంది.

"తప్పయిందమ్మా."

"తప్పే. ఇక నాది విను. తూర్పు పేటలో ఆ దొరసాని ఇంట్లో పనిచేసేదాన్నా? కింద బట్టలుతికే గదిలో నేనూ, వంటమనిషి హ్యాటీ అచ్చనగాయలు ఆడేవాళ్ళం. దొరసాని భోజనం ముగించేదాకా. ఒకరోజు నీకు జ్వరమని మీ పిన్ని కబురంపింది. అప్పుడే సెలవడిగి రావచ్చు. చేతిలో ఆట మంచి పట్టుమీదుంది. అది ముగించాకే లేచాను. వచ్చేసరికి నువ్వు ఒళ్ళు కాలిపోతూ, 'మమ్మా ఏది, మమ్మా ఏది' అని కలవరిస్తున్నావు."

లవెర్న్ చేతులు ఆగిపోయాయి. "నాకు గుర్తే లేదు."

"నాకుంది కదే."

"ఇంకా బాధేనా?"

"బాధ పోలేదు. ఆట కూడా మానలేదు. హ్యాటీతో ఆ కాస్త ఆట లేకపోతే, ఆ దొరసాని పళ్ళేలన్నీ ఏనాడో గోడకేసి కొట్టేదాన్ని. అప్పుడు మిమ్మల్ని జైలునుంచి పెంచేదాన్నా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే లవెర్న్ ఏడ్చిందట. అది తర్వాత నాకు మిస్ ఓసీ చెప్పింది.

ఆ ఆదివారం లవెర్న్ చెల్లెలికి ఉన్నదున్నట్టు చెప్పింది. గ్లెండా ఫోనులో అరిచింది: "అమ్మను ఒంటరిగా వదిలి చర్చిలో దాగుడుమూతలా? నీ వయసెంతే?"

"నీకన్నా నాలుగేళ్ళు పెద్ద. నువ్వొచ్చి ఒక్క శనివారం కూర్చో, తర్వాత తిట్టు."

కోపంతోనే వచ్చింది గ్లెండా. ఆ ఒక్కరోజులో తల్లికి స్నానం చేయించి, మందులు వేసి, మనవరాళ్ళ కొట్లాట తీర్చి, సాయంత్రానికి సోఫా మీద బూట్లతోనే పడి నిద్రపోయింది. తిట్టడం మరిచిపోయింది. ఇప్పుడు నెలకోసారి వస్తుంది. మిగతా శనివారాలు మిస్టర్ టాలివర్ భార్య వచ్చి మిస్ ఓసీతో పేకాడుతుంది, ఓడిపోతే మాత్రం ఒప్పుకోదు.

లవెర్న్ మళ్ళీ ఆడుతోంది. కానీ మునుపటిలా కాదు. ఫోను జేబులోనే ఉంటుంది. మోగకపోయినా మోగినట్టు వినబడి, చీకట్లో తీసి చూస్తుంది, ఆ వెలుగుతో ముందుగా దొరికిపోయేది ఆమే. "దేవుడా, దీపం పెట్టుకుని దాక్కునే మనిషిని నిన్నే చూశాను" అని వెల్డా ఏడిపిస్తుంది. అంగీల గదిలోకి మాత్రం ఎంత పిలిచినా వెళ్ళదు.

ఇంటికి వెళ్తూ తల్లికి వేయించిన చేప కొని పట్టుకెళ్తుంది. ఎందుకని అడిగితే చెప్పదు. మిస్ ఓసీ ముళ్ళు ఏరుకుంటూ, "ఇవాళ ఎక్కడ దాక్కున్నావే?" అని అడుగుతుంది. లవెర్న్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని చెబుతుంది.